కచేరి గుమ్మమున ఆయుధము

ప్రభుత్వ కచేరులలోనికిని, న్యాయస్థానములలోనికిని పోవు పౌరుని గుమ్మమున ఆపి సోదా చేయవలెనా? చట్టప్రకారము లైసెన్సు పొంది, ఆత్మరక్షణార్థము పిస్తోలు ధరించినవాడు ఆ గుమ్మమునకు వచ్చినపుడు అతనిని ఏమి చేయవలెను? ఈ రెండు ప్రశ్నలును వేర్వేరుగా తోచినను నిజమునకు ఒక్కటే. ఓడరేవును, ఉక్కు కర్మాగారమును, నౌకాదళమును ఒక్కచోట కలిగియున్న విశాఖపట్టణము వంటి నగరమున దీనిని రేపటికి వాయిదా వేయుటకు వీలులేదు.

ఈ విషయమున రెండు వాదములు వినవచ్చుచున్నవి. లైసెన్సు కలవాడు నేరస్థుడు కాడు, సర్కారే యిచ్చిన పత్రము జేబులో నుండగా అతనిని ఏల ఆపవలెను అనునది మొదటిది. తుపాకి పేరు వినిన తోడనే మనిషిని గుమ్మము నుండి వెనుకకు పంపవలెను, తక్కిన సంగతితో మాకు పనిలేదు అనునది రెండవది. మా అభిప్రాయమున రెండును తప్పే. ఆయుధము లోనికి రాగూడదు, ఎవ్వరిదైనను రాగూడదు. కాని పౌరుని ఆయుధమును గుమ్మమున తీసికొనిన ప్రభుత్వము ఆ క్షణము నుండి ఆ ఆయుధమునకును, ఆ పౌరుని ప్రాణమునకును పూచీ వహింపవలెను. పూచీ వహింపని ప్రభుత్వమునకు ఆయుధమును అడుగు హక్కు లేదు.

మేము ఆయుధమును చూచి జంకువారము కాము. 1878లో లిట్టన్ ప్రభువు కాలమున పుట్టిన ఆయుధ చట్టము భారత ప్రజలను నిరాయుధులను చేసెను. ఐరోపావానికి మినహాయింపును, భారతీయునికి నిషేధమును విధించిన ఆ శాసనమును జాతీయోద్యమము ఏనాడును క్షమింపలేదు. 1922 ఆగష్టు 22, 23, 24 తేదీలలో అల్లూరి సీతారామరాజు మన్యమున చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై వరుసగా దాడి చేసి తుపాకులను, తూటాలను కొనిపోయిన సంగతి ఆంధ్రదేశమున పసివారు సైతము ఎరుగుదురు. 1931లో కరాచీ కాంగ్రెసు ఆమోదించిన ప్రాథమిక హక్కుల తీర్మానమున, నిబంధనలకు లోబడి ఆయుధములను కలిగియుండు హక్కు ప్రతి పౌరునికిని కలదని చేర్చిరి. 1948 డిసెంబరులో హెచ్.వి. కామత్ రాజ్యాంగ సభలో ఆ హక్కును చేర్పవలెనని సవరణ తెచ్చెను. సభ అంగీకరింపలేదు. శాంతియుతముగను, ఆయుధములు లేకను సమావేశమగు హక్కును మాత్రమే మన రాజ్యాంగము పౌరునికి ఇచ్చినది.

ఈ చరిత్రను తలచుటకు కారణము కలదు. పరాయి ప్రభుత్వము ప్రజలను అనుమానించి ఆయుధములను లాగికొనెను. స్వప్రభుత్వము అట్లు చేయరాదు. ప్రజల క్షేమము కొరకు ఆయుధమును ఒక హద్దులో నుంచవచ్చును. ఆ హద్దు ఎచటనో, ఏల యుండవలెనో వ్రాతపూర్వకముగ చెప్పవలెను. కరాచీ తీర్మానమున హక్కును కోరినవారే నిబంధనలను కూడ అంగీకరించిరి. ఆ నిబంధన అందరికి ఒక్కటే కావలెననుటయే వారి పట్టుదల.

నేటి చట్టము ఏమి చెప్పుచున్నదో చూతము. 1878 నాటి శాసనము స్థానమున 1959 ఆయుధ చట్టము వచ్చి, 1962 నుండి అమలులో నున్నది. 2019 సవరణచే ఒక మనిషి కలిగియుండదగిన తుపాకుల సంఖ్య మూడు నుండి రెంటికి తగ్గెను. లైసెన్సు గడువు మూడేండ్ల నుండి ఐదేండ్లకు పెరిగెను. 2016 నాటి ఆయుధ నిబంధనల ననుసరించి, బహిరంగ స్థలమున చేతితుపాకిని ధరించువాడు దానిని ఒరలోగాని, తగిన సంచిలోగాని ఉంచి, పూర్తిగా కప్పి, తన అదుపున ఉంచుకొనవలెను. బయటికి తీసి ఝళిపించుట నిషిద్ధము. అనగా దాచి ధరించుట లైసెన్సుదారుని కుటిలత్వము కాదు; చట్టము విధించిన నియమము. ఇక ప్రత్యేకానుమతి లేనిదే ఆయుధమును ఎచటికి కొనిపోరాదో లైసెన్సు షరతులు చెప్పుచున్నవి. సంతలు, మతపరమైన ఊరేగింపులు, బహిరంగ సమూహములు, విద్యాలయముల ఆవరణములు ఆ వరుసలో పేరుపేరున కలవు. కచేరి పేరును, న్యాయస్థానము పేరును ఆ వరుసలో లేవు.

చట్టము ఇచట మౌనము వహించుటచే గుమ్మమున నిలిచిన కావలివాని ఇష్టమే శాసనమగుచున్నది. వచ్చినవాడు పలుకుబడి కలవాడైనచో కావలివాడు నమస్కరించి ప్రక్కకు తొలగును. పలుకుబడి లేనివాడైనచో, "బండిలో పెట్టి రండి" అనును. లేదా "ఇటు ఇవ్వండి, నేను చూచుకొందును" అనును. ఈ మూడును అక్రమములే. బండిలో వదలిన పిస్తోలు దొంగ చేతిలో పడిన, దానికి ఉత్తరవాది ఎవడు? ఇక కావలివాని చేతికిచ్చుట మరింత విపరీతము. తన విధి నిర్వహణలో ఆయుధమును పుచ్చుకొను ప్రభుత్వోద్యోగికి చట్టమున మినహాయింపు కలదు. కాని నేడు అనేక కచేరుల గుమ్మములయందు నిలుచువారు గుత్తేదారు నియమించిన జీతగాండ్రు. లైసెన్సు లేని అట్టివాడు పరుల పిస్తోలును చేతబట్టుట చట్టము దృష్టిలో నేరము కావచ్చును. నెలజీతమునకు ఎండలో నిలుచు ఆ పేదవానిని మర్యాద పేరిట మనమే నేరములోనికి దింపుచున్నాము. ఏ కచేరి పేరును ఇచట చెప్పబోము. చదువరి తానెరిగిన కచేరి గుమ్మమును ఒకమారు తలచుకొనిన చాలును.

లైసెన్సుదారుని ఆయుధముతో లోనికి ఏల రానీయరాదో చెప్పెదము. కచేరి అనునది బలహీనుడు బలవంతునితో సమానుడై నిలువదగిన చోటు. సరిహద్దు తగవులో ఇరువురు తహసీల్దారు ఎదుట నిలిచినారనుకొందము. ఒకని చొక్కా క్రింద పిస్తోలు కలదు. అతడు దానిని తాకలేదు, చూపలేదు, బెదిరింపలేదు. అయినను ఎదుటివాడు ఎరుగును, గుమాస్తాయు ఎరుగును. ఆ ఎరుక చాలును. సాక్షి మాట తడబడును. గుమాస్తా కలము ఒక ప్రక్కకు ఒరుగును. న్యాయము భయముతో కలసిన పిదప దానిని న్యాయమని పిలువజాలము. మరియు దాచిన ఆయుధము సద్బుద్ధితో దాచినదో, దుర్బుద్ధితో దాచినదో చెప్పగల యంత్రమును ఎవ్వరును కనిపెట్టలేదు. లోపల కాల్పులు చెలరేగినచో, మామూలు దుస్తులతో తుపాకి పట్టుకొని నిలిచిన మనిషి రక్షకుడో హంతకుడో రెప్పపాటులో ఏ భటుడు తేల్చుకొనగలడు? లైసెన్సు అప్పుడు జేబులోనే యుండును. తూటా దానిని చదువదు.

ప్రాణభయము కల్పితమని మేము అనము. 2018 సెప్టెంబరు 23న డుంబ్రిగూడ మండలము లివిటిపుట్టు వద్ద అరకు శాసనసభ్యుడు కిడారి సర్వేశ్వరరావును, మాజీ శాసనసభ్యుడు సివేరి సోమను మావోయిస్టులు కాల్చి చంపిరి. 2024 ఫిబ్రవరి 2 రాత్రి ఈ నగరమునందే కొమ్మాదిలో తహసీల్దారు సనపల రమణయ్య తన నివాసము కడ ఇనుపకడ్డీ దెబ్బలకు బలియయ్యెను. ఈ ఘోరములు కచేరి గదులలో జరుగలేదని గమనింపవలెను. ఒకటి దారిలో జరిగెను; ఒకటి ఇంటికడ జరిగెను. లైసెన్సుదారునికి ఆయుధముతో నిజమైన అవసరము కలుగునది అచటనే. ఒక దౌర్జన్యపరునికి వ్యతిరేకముగ సాక్ష్యము చెప్పుటకు వచ్చిన వర్తకుని తలచుకొనుడు. అతనిని గుమ్మమున "తుపాకి కలదు, పొమ్ము" అని వెనుకకు పంపినచో సాక్ష్యము పోవును. "ఇంటికడ వదలి రమ్ము" అని శాసించినచో, రాకపోకలందు అతడు నిరాయుధుడై యుండునని పగవానికి సర్కారే తెలిపినట్లగును. తాను రక్షింపదు, తన్ను తాను రక్షించుకొననీయదు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అను సామెత ఇట్టి ప్రభుత్వమునకు చక్కగా సరిపోవును.

ఆయుధమును భద్రపరచి రశీదు నిచ్చుట ప్రభుత్వమునకు తెలియని విద్యయా? ఎన్నికలు వచ్చినపుడెల్ల లైసెన్సుదారుల ఆయుధములను ఠాణాలలో జమకట్టించుకొని, రశీదులిచ్చి, ఎన్నికలు ముగిసిన పిదప తిరిగి యిచ్చుచున్నారు. విమానమున పోవు లైసెన్సుదారుడు ఆయుధమును ముందుగా చెప్పి, తూటాలు తీసి, సామానుల అరలోనికి పంపుట కలదు. వారముల తరబడి వందల ఆయుధములను కాపాడగల ప్రభుత్వము కచేరి గుమ్మమున ఒక్క పిస్తోలును ఒక్క గంటసేపు కాపాడలేదా? దీనికి కావలసినది ఒక ఇనుపపెట్టె, ఒక నమోదు పుస్తకము, తుపాకిని ఎరిగిన ఒక సాయుధ పోలీసు, తూటాలు తీయునపుడు గొట్టమును గురిపెట్టుటకు ఇసుక నింపిన ఒక పీపా. ఇంతకంటె ఏమియు అక్కరలేదు. ద్రవ్యలోపమను సాకు ఇచట చెల్లదు.

ఇక సోదా సంగతి. సోదా అందరికిని ఒక్కటే కావలెను. లేనిచో అది రక్షణ కాదు, కేవలము అవమానము. ఈ మాటను మొదట మా వృత్తివారితోనే చెప్పవలసియున్నది. 2021 సెప్టెంబరు 24న ఢిల్లీలోని రోహిణీ న్యాయస్థానమున, విచారణకై తెచ్చిన జితేంద్ర గోగి అను ముద్దాయిని ఇరువురు దుండగులు న్యాయమూర్తి ఎదుటనే కాల్చి చంపిరి. పోలీసుల కాల్పులలో ఆ ఇరువురును హతులైరి. వారు లోనికి ఎట్లు వచ్చిరి? న్యాయవాదుల దుస్తులు ధరించి వచ్చిరి. ఏ నల్లకోటును చూచి జనులు దారి యిచ్చుచున్నారో ఆ నల్లకోటునే మృత్యువు తొడిగికొనెను. అయినను న్యాయవాదిని తడిమి చూచుట వృత్తికి కళంకమని నేటికిని వాదించువారు కలరు. మేమును ఆ కోటు ధరించువారమే గనుక ఈ మాట చెప్పుటకు మాకు హక్కు కలదు: మన గౌరవము జేబులు చూపుటచే పోవునంత అల్పమైనది కాదు. కక్షిదారు జేబులు తడిమిన చేయి మన జేబులను గూడ తడుముగాక. న్యాయస్థానముల రక్షణకు ప్రణాళికలు వేసి, శాశ్వత రక్షణ దళములను ఏర్పరుపవలెనని 2023 ఆగష్టు 11న సుప్రీముకోర్టు ఆదేశించినది. ఆ ప్రణాళికలు కాగితము దాటి గుమ్మము చేరవలెనన్న, మొదటి సహకారము న్యాయవాదుల నుండియే రావలెను.

న్యాయవాదులకు చెప్పినదే ఉద్యోగులకును, నాయకులకును చెప్పుచున్నాము. లోపలివాడను నమ్మకము ఎంత మోసకరమో విశాఖవాసులకు వేరుగా చెప్పనక్కరలేదు. 2018 అక్టోబరు 25న ఈ నగర విమానాశ్రయమున, నాడు ప్రతిపక్ష నాయకుడైన వై.యస్. జగన్మోహనరెడ్డిపై కోడిపందెముల కత్తితో దాడి జరిగెను. ఎడమ భుజమున గాయమయ్యెను. దాని వెనుక ఎవరున్నారను రాజకీయ వివాదములోనికి మేము పోము. మాకు కావలసిన సంగతి ఒక్కటే. ప్రయాణికుని గోరుకత్తెరను సైతము వెదకు చోట కత్తి బయటపడినది. పట్టుబడినవాడు ఆ విమానాశ్రయపు ఫలహారశాలలో పనిచేయు యువకుడు. ముందు గుమ్మమున వేయి కన్నులు పెట్టి వెనుక గుమ్మమును మరచినచో ఫలమిట్లే యుండును. ఉద్యోగులు వచ్చు దారి, సరకులు వచ్చు దారి, అధికారుల కార్లు వచ్చు దారి – అన్నిటికిని ఒక్కటే నియమము ఉండవలెను. ఉక్కు కర్మాగారమున, ఓడరేవున పనిచేయు శ్రామికులు దినదినమును పాసు చూపి, కేంద్ర పారిశ్రామిక రక్షక దళము ఎదుట నిలిచి లోనికి పోవుచున్నారు. వారికి లేని నామోషీ కచేరి ఉద్యోగికి ఏల?

నాయకుల అంగరక్షకులను గూర్చియు ఒక మాట. ప్రభుత్వము ప్రసాదించిన తుపాకి భటులను వెంటబెట్టుకొని అర్జీదారుల నడుమ కచేరిలోనికి నడచుట కొందరికి హోదాగా తోచుచున్నది. లోపలి రక్షణ లోపలి భటుల పని. వచ్చినవారి రక్షకులు బయట నిలుచుటయే మర్యాద. లోపల నాయకునికి అపాయము కలదన్నచో, అచటనే నిలిచియున్న సామాన్యునికి అపాయము లేదా?

అమెరికాను చూపి, అచట పౌరులు ఆయుధములు ధరించియే తిరుగుచున్నారు గదా అనువారు కలరు. ఆ దేశపు సుప్రీముకోర్టు 2022 జూన్ 23న బహిరంగముగ ఆయుధమును వెంట ధరించుటను పౌరుల హక్కుగా గుర్తించినపుడు సైతము, పాఠశాలలు, ప్రభుత్వ భవనములు వంటి సున్నిత స్థలములలో నిషేధము చెల్లునని ఒప్పుకొన్నది. అచటి కేంద్ర ప్రభుత్వ కచేరులలోనికి తుపాకి తెచ్చుట నేరము. దీనికి భిన్నమైన మార్గము టెక్సాస్ రాష్ట్ర రాజధాని ఆస్టిన్‌లో కలదు. 2010లో అచటి శాసనసభా భవనము మెట్ల కడ కాల్పులు జరిగిన పిదప గుమ్మములయందు మెటల్ డిటెక్టర్లు పెట్టిరి. కాని తుపాకి లైసెన్సు కలవానికి వేరొక వరుస నిచ్చి, సోదా లేకయే పంపిరి. తుపాకి లేనివాడు యంత్రము ఎదుట నిలువవలెను, కలవాడు నేరుగా పోవును! ఈ వింతను చూచి మనము నవ్వవచ్చును. కాని పలుకుబడి అను లైసెన్సుతో సోదా తప్పించుకొను మన పెద్దలను చూచిన పిదప ఆ నవ్వు ఎంతసేపు నిలుచును?

మరియొక సత్యమును చెప్పక ముగించినచో మా వాదము అసంపూర్ణమగును. కచేరి గదులలో ప్రాణములు తీయునది పిస్తోలు ఒక్కటియే కాదు. 2019 నవంబరు 4న తెలంగాణమున అబ్దుల్లాపూర్‌మెట్ తహసీల్దారు విజయారెడ్డిని ఆమె కచేరి గదిలోనే పెట్రోలు పోసి దహించిరి. ఆమెను రక్షింపబోయిన వాహనచోదకుడును, నిప్పు పెట్టినవాడును ఆ గాయములతోనే మరణించిరి. ఆ ఘోరమునకు ఏ సమర్థనయు లేదు, ఉండరాదు. కాని పిదప జరిగినదేమి? కర్నూలు జిల్లా పత్తికొండలో తహసీల్దారు బల్లకును అర్జీదారులకును నడుమ ఒక తాడు కట్టిరి. భయపడిన ఉద్యోగిని మేము నిందింపము. కాని తాడు కట్టుటతో ప్రభుత్వము పని ముగియునా? సోమవారము నాడు కలెక్టరు కచేరికి అర్జీతో వచ్చు రైతు చేతిసంచిని విప్పి చూడుడు, నీళ్లసీసాను వాసన చూడుడు; అది అవసరమే. అయితే ఆ సంచిలోని అర్జీని కూడ విప్పి చదువుడు. నెలల తరబడి త్రిప్పుకొనిన పట్టాదారు పుస్తకము వానికి చేరిననాడు గుమ్మమున యంత్రము పని సగము తగ్గును. సోదా అన్యాయమును ఆపజాలదు. అన్యాయము పుట్టించిన కోపమును గుమ్మము వెలుపల కొంతసేపు నిలుపగలదు, అంతే.

కాబట్టి మేము కోరునది స్పష్టము. మొదటిది: ప్రభుత్వ కచేరులలోను, న్యాయస్థానములలోను విధి నిర్వహణలో నున్న ఏకరూప దుస్తుల భటులకు తప్ప ఎవ్వరికిని ఆయుధము కూడదని రాష్ట్ర ప్రభుత్వము వ్రాతపూర్వకముగ ఉత్తరువు వెలువరించి, తెలుగున పెద్ద అక్షరములతో ప్రతి గుమ్మమునను వ్రేలాడదీయవలెను. రెండవది: సోదా జిల్లా అధికారి మొదలు బంట్రోతు వరకు, శాసనసభ్యుడు మొదలు అర్జీదారు వరకు, న్యాయవాది మొదలు ముద్దాయి బంధువు వరకు ఒక్కటే కావలెను, స్త్రీలను స్త్రీలే తెరచాటున సోదా చేయవలెను. మూడవది: లైసెన్సుదారుని ఆయుధమును సాయుధ పోలీసు స్వీకరించి, ఆయుధము సంఖ్యను, తూటాల లెక్కను వ్రాసి, రశీదు నిచ్చి, తిరిగి పోవునపుడు జాగు లేక అప్పగింపవలెను, గుత్తేదారు జీతగాండ్రు దానిని తాకరాదు. నాల్గవది: ప్రాణాపాయము కలదని ముందుగా తెలిపిన సాక్షిని గుమ్మము నుండి వాహనము వరకు పోలీసులే సాగనంపవలెను. ఐదవది: దాచిన ఆయుధమును ముందుగా చెప్పక లోనికి తేజూచినవాని లైసెన్సుపై, వాడెంతవాడైనను, చట్టప్రకారము చర్య తీసికొనవలెను.

లైసెన్సుదారులకు మా మనవి: మీకు సర్కారు ఇచ్చినది ఒక నమ్మకము. గుమ్మమున దానిని చూపి, ఆయుధమును అప్పగించి, తలయెత్తుకొని లోనికి పొండు. దానివలన మీ పౌరుషము తగ్గదు. ప్రభుత్వమునకు మా హెచ్చరిక: పౌరుని చేతినుండి ఆయుధమును తీసికొనునపుడు ఆ చేతిలో ఒక రశీదు పెట్టుడు, ఆ రశీదు వెనుక మీ పూచీ యుండవలెను. పరాయి ప్రభుత్వము రశీదు లేకయే ఆయుధములను లాగికొనెను. స్వరాజ్యమునకును దానికిని ఈ మాత్రపు భేదమైనను గుమ్మమున కనబడవలదా?